ఇన్‌ఛార్జి తమ్ముడు

కొత్తరేవు పురపాలక సంఘంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న గౌరీసుకి సొంత అక్కచెల్లెళ్ళు లేరు. ఆ లోటు తీర్చమని అతను ఏ దేవుడికీ మొక్కుకోలేదు, ఏ అధికారికీ అర్జీ పెట్టుకోలేదు. అయినా ఒక సోమవారం మధ్యాహ్నం, భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, ప్రభుత్వం వారు అతనికి ఒక అక్కను మంజూరు చేశారు.

అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు పోలమ్మ సంగతి చెప్పాలి.

పోలమ్మ ఆర్టీసీ కాంప్లెక్సు గోడవార, సైకిల్ స్టాండు రేకుల కింద ఉంటుంది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు రొయ్యల షెడ్డులో పొట్టు వలిచేది. షెడ్డు మూతపడింది, గుడిసె గాలివానకి పోయింది, మొగుడు అంతకు ముందే పోయాడు. ఇల్లు లేకపోవడం ఒక కష్టమైతే, కాంప్లెక్సులో మైకు ఆమెకి రెండో కష్టం. ఆ మైకు ఊరందరికీ బస్సుల సంగతి చెప్పేది, పోలమ్మకి మాత్రం పోలమ్మ సంగతే చెప్పేది. "పార్వతీపురం వెళ్ళు బస్సు మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని జనానికి వినిపించిన చోట ఆమెకి "పోలమ్మా, నువ్వు దొంగవి, నీ మొగుణ్ణి నువ్వే చంపుకున్నావు" అని వినిపించేది. అంతేసి మాటలంటే ఎవరు మాత్రం ఎంతకాలం ఊరుకుంటారు? జవాబు చెప్పడానికి బస్సులు తిరిగే చోట నడిమధ్యన నిలబడి, మెడ పైకెత్తి, మైకుతో జగడం పెట్టుకునేది. ఒకసారి బస్సు అద్దం తగిలి భుజం చీరుకుపోయింది. ఇంకోసారి ఏమవుతుందో కాంప్లెక్సులో అందరికీ తెలుసు, అందుకని అందరూ చూడనట్టే ఉండేవారు.

నిరాశ్రయుల విభాగంలో గుమాస్తా గనక గౌరీసు ఆమెను బండెక్కించి పెద్దాసుపత్రి మనోచికిత్స విభాగానికి తీసుకెళ్ళాడు. అక్కడి ముసలి డాక్టరు ఎవరు, ఏమిటి అని అడక్కుండా బిళ్ళలిచ్చి పంపాడు. నెల తిరిగేసరికి మైకు దారిలో పడింది.

"ఇప్పుడు పద్దతిగా ఉంటన్నాది బావూ. బస్సులు మాటే సెప్తన్నాది. నన్ను పేరెట్టి పిలవడం నేదు" అని పోలమ్మ చెబితే గౌరీసుకి తన ఉద్యోగం మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

ఆ గౌరవం ఎన్నాళ్ళో నిలవలేదు. ముసలి డాక్టరు బదిలీ అయ్యాడు. ఆడిట్ వాళ్ళు వచ్చి రికార్డులు తిరగేసి, "ఎవరికీ ఏమీ కాని మనుషులకు ప్రభుత్వ మందులు ఇచ్చినట్లు తేలినది" అని అభ్యంతరం రాశారు. దాంతో కొత్త రూలొచ్చింది. మనోచికిత్స విభాగంలో మందు కావాలంటే రోగి వెంట రక్తసంబంధీకుడో దగ్గర బంధువో వచ్చి సంతకం పెట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి పేరు భుజంగరావు. మందుల కౌంటరులో కంప్యూటరు ముందు కూర్చునేవాడు.

"ఈవిడకి మీరేమవుతారు?" అన్నాడు.

"ఏమీ కాను. మున్సిపాలిటీ" అన్నాడు గౌరీసు.

"మున్సిపాలిటీ అనేది చుట్టరికం కాదండీ. ఇందులో తండ్రి ఉంది, తల్లి ఉంది, మేనమామ కూడా ఉంది. మున్సిపాలిటీ లేదు."

"రోడ్డు మీద ఉండే మనిషికి చుట్టాలెక్కణ్ణుంచి వస్తారు సార్? చుట్టాలుంటే రోడ్డు మీదెందుకుంటుంది?"

"అది మీరూ ఆవిడా తేల్చుకోవాల్సిన విషయం. తర్వాత!" అని భుజంగరావు వెనక నిలబడ్డవాణ్ణి పిలిచాడు.

ఈ సంగతి గౌరీసు ప్రాజెక్టు డైరెక్టరు త్రివిక్రమరావు గారికి విన్నవించుకున్నాడు. త్రివిక్రమరావు గారు నాలుగు శిక్షణలు పొంది, నలభై శిక్షణలు ఇచ్చిన మనిషి. ఆయన దగ్గరికి ఎవరైనా కష్టం పట్టుకెళితే దాన్ని కాసేపు ముద్దు చేసి, పథకం చేసి పంపేవారు.

"గౌరీసూ, సమస్యను సమస్యగా చూసినంత కాలం అది సమస్యగానే ఉంటుంది" అన్నారాయన, కుర్చీ వెనక్కి వాల్చి. "నేను దాన్ని ఖాళీగా చూస్తున్నాను. ఈ మహిళ వద్ద తండ్రి ఖాళీ. తల్లి ఖాళీ. అన్నదమ్ములు ఖాళీ. ఖాళీ ఏర్పడినప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు సార్" అనబోయి గౌరీసు నాలిక కరుచుకున్నాడు.

"భర్తీ చేస్తుంది! రెగ్యులర్ బంధువులు దొరికే వరకూ ఉన్న సిబ్బందికే అదనపు బాధ్యతలు అప్పగిస్తుంది."

అలా 'బంధుకల్పన' పథకం పుట్టింది. ఊళ్ళో ఉన్న ఇల్లులేని వాళ్ళకి మనిషికో కుటుంబం ఇవ్వడానికి స్టాఫు చాలరు గనక అందరికీ కలిపి ఒక ఉమ్మడి కుటుంబం ఏర్పాటు చేశారు. బంధుత్వం హోదాను బట్టి. సూపరింటెండెంటు చిట్టిబాబు గారు తండ్రి. సీనియర్ అసిస్టెంట్లు అన్నలు, జూనియర్ అసిస్టెంట్లు తమ్ముళ్ళు. పొరుగుసేవల కింద పనిచేసే వాచ్‌మెన్లు, స్వీపర్లు దూరపు చుట్టాలు. మూడేళ్ళు సంతృప్తికరంగా దూరంగా ఉన్నవారిని దగ్గర చుట్టాలుగా క్రమబద్ధీకరించే విషయం పరిశీలిస్తామన్నారు.

తల్లి పోస్టు టైపిస్టు మహాలక్ష్మికి పడింది. ఆవిడ టేబుల్ మీద చెయ్యి చరిచి లేచింది. "నా వయసు ముప్పై అయిదు సార్. నాకు యాభై ఏళ్ళ కూతురేటి? పైగా చిట్టిబాబు గారు తండ్రయితే, నేను తల్లినైతే, ఊళ్ళో ఏమనుకుంటారు?"

"వయసు వ్యక్తిగతం అమ్మా. పోస్టు శాశ్వతం" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఊరి విషయానికొస్తే, మీ ఇద్దరి సంబంధం కేవలం పరిపాలనాపరమైనదని ఉత్తర్వులోనే రాస్తాం."

చిట్టిబాబు గారు తల వంచుకున్నారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడింది. ఈ వయసులో ఎందుకొచ్చిన గొడవ అని ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టేస్తున్నారు.

కాంప్లెక్సు ప్రాంతం గౌరీసు వాటాకి వచ్చింది. ఆ సాయంత్రమే వెళ్ళి, సైకిల్ స్టాండు దగ్గర గొంతుక్కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలీక, జేబులోంచి ఉత్తర్వు తీసి చదివి వినిపించాడు. పోలమ్మ అంతా శ్రద్ధగా విన్నది.

"అంటే ఏటి బావూ?"

"ఇవాళ మధ్యాహ్నం నుంచి నేను మీ తమ్ముణ్ణి. ఇన్‌ఛార్జి."

"ఇల్లిమ్మని అర్జీ ఎట్టుకుంటే తమ్ముణ్ణిచ్చినారేటి!" అని పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంగు దించి, "పోనీలే. సర్కారోలు ఇచ్చిన ఇల్లయితే వానొస్తే కురుస్తాది. తమ్ముడు కురవడు గదా. అన్నం తిన్నావేటి?" అంది.

గౌరీసు ఉత్తర్వులోకి చూశాడు. అందులో దీనికి జవాబు లేదు. పొద్దున్నించి ఆఫీసులో ఇన్ని చుట్టరికాలు పంచారు గాని ఈ మాట అడిగిన బంధువు ఒక్కడూ లేడని అతనికి తోచింది. "తిన్నానక్కా" అన్నాడు. ఆ 'అక్కా' అన్నది రూలు ప్రకారమే వచ్చిందో, దానంతటదే వచ్చిందో అతనికే తెలియలేదు.

మర్నాడు భుజంగరావు 'తమ్ముడు' అన్నచోట నొక్కాడు, బిళ్ళలిచ్చాడు. పథకం పనిచేసింది. పనిచేసిన పథకాన్ని ప్రభుత్వం ఊరికే వదిలిపెట్టదు గనక అసలు కథ అక్కణ్ణుంచి మొదలైంది.

మొదట శిక్షణ వచ్చింది. రాజధాని నుంచి ఒక నిపుణుడు దిగి, ఏసీ హాల్లో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, అనురాగ నైపుణ్యాల మీద తెర వేసి బొమ్మలు చూపించాడు. "ఊపిరి పీలుస్తూ 'అక్కా' అనాలి. వదులుతూ 'ఎలా ఉన్నావు' అనాలి. మధ్యలో కళ్ళు తడిస్తే బోనస్!" అన్నాడు. అన్నలూ తమ్ముళ్ళూ రెండు రోజులు ఊపిరి పీల్చారు. ఒక సీనియర్ అన్నకి ఆయాసం వచ్చి సెలవు పెట్టాడు.

తర్వాత యాప్ వచ్చింది. ప్రతి బంధువూ రోజూ పదకొండు లోపల తన నిరాశ్రయుడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీసి ఎక్కించాలి. ఇద్దరూ నవ్వితేనే అది తీసుకుంటుంది. పోలమ్మకి బిళ్ళల వల్ల పొద్దుటిపూట నిద్ర తేరదు. గౌరీసు రోజూ ఆమెను లేపి, "ఒక్కసారి నవ్వక్కా" అని బతిమాలేవాడు.

"నవ్వు రాపోతే బిళ్ళలియ్యరేటి?" అనేదామె కళ్ళు నులుముకుంటూ.

"నాకు మెమో ఇస్తారు."

"అయితే నవ్వుతానుండు" అని లేచి కూర్చునేది. గౌరీసుకి సిగ్గేసేది.

ఇలా ఉండగా తండ్రి రిటైరయ్యాడు.

చిట్టిబాబు గారికి దండ వేశారు, శాలువా కప్పారు, వక్తలు ఆయన సేవల్ని కొనియాడారు. టీలు తాగుతుండగా త్రివిక్రమరావు గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. తండ్రి పోస్టులో ఉన్న ఉద్యోగి సర్వీసు నుంచి తొలగితే ఆ బంధుత్వం ఏమవుతుంది?

"ఏముంది సార్, ఇంకొకర్ని వేసుకుంటారు" అన్నారు చిట్టిబాబు గారు, జీడిపప్పు నములుతూ.

"అంత తేలిక కాదు. తండ్రి ఉన్నట్టుండి తండ్రి కాకుండా పోయాడంటే, పిల్లల్ని వదిలేసి పోయాడని అర్థం. రేపు ఆడిట్ వాళ్ళు 'ప్రభుత్వం నిరాశ్రయులను మళ్ళీ అనాథలను చేసినది' అని రాస్తారు. కన్నబిడ్డల్ని వదిలెయ్యకుండా తండ్రి తండ్రితనం నుంచి తప్పుకోగల మార్గం లోకంలో ఒక్కటే ఉంది."

చిట్టిబాబు గారు కప్పు కింద పెట్టేశారు.

"సార్, నేను బతికే ఉన్నాను" అన్నారాయన.

"సర్వీసులో లేరు కదా!" అన్నారు త్రివిక్రమరావు గారు, మృదువుగా. "మనిషిగా మీరు నిండు నూరేళ్ళు ఉండాలి. తండ్రిగా మాత్రం ఈ సాయంత్రం అయిదు గంటలకు పరమపదించారు. మన సంతాపం."

ఆ పక్కనే ఇంకో తీగ కదిలింది. తండ్రి పోతే మైల ఉంటుంది. ఉమ్మడి కుటుంబం మొత్తానికీ ఉంటుంది. పదకొండో రోజు దాటేదాకా శుభకార్యం చెయ్యకూడదు, ఒకరింటికి వెళ్ళకూడదు. బంధుకల్పన ఫైళ్ళను మైలలో ఉన్న చేతులతో ముట్టుకుంటే పథకానికే అరిష్టమని త్రివిక్రమరావు గారు తేల్చి, అన్నదమ్ముల విధులన్నీ ఆపేస్తూ ఉత్తర్వు వేశారు. తల్లి పోస్టు విషయంలో ఏం చెయ్యాలన్న ప్రశ్న కూడా వచ్చింది గాని, మహాలక్ష్మి "నా బొట్టు జోలికి ఎవరైనా వస్తే" అంటూ స్టాప్లరు పట్టుకుని లేవడంతో ఆ అంశాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేశారు.

గౌరీసు ముందుకొచ్చాడు. "సార్, మా అక్క... అదే, కాంప్లెక్సు పోలమ్మ, ఆమె బిళ్ళలు ఎల్లుండితో అయిపోతాయి. ఒక్కసారి ఆస్పత్రికెళ్ళి..."

"తండ్రికి పెద్దకర్మ కాకుండా కొడుకు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతాడా? లోకం ఏమంటుందయ్యా?"

"తండ్రి ఆ బల్ల దగ్గర కూర్చుని మిక్చర్ తింటున్నారు సార్!"

"అది వారి వ్యక్తిగత విషయం" అన్నారు త్రివిక్రమరావు గారు.

గౌరీసు ఆగలేదు. దొంగతనంగా ఆస్పత్రికి వెళ్ళాడు. కాని ఉత్తర్వు నకలు అతనికంటే ముందే చేరింది. భుజంగరావు అతన్ని చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "పెద్దాయన పోయారటగా, పాపం. మైలలో ఉన్నారు, కౌంటరు ముట్టుకోకండి. మా ఇంట్లో పూజలున్నాయి" అన్నాడు. బయట మందుల షాపులో అడిగితే డాక్టరు కొత్త చీటీ లేనిదే ఆ బిళ్ళలు అమ్మం అన్నారు. డాక్టరు చీటీ రాయాలంటే బంధువు రావాలి.

వారం తిరక్కుండా మైకు మళ్ళీ నోరు విప్పింది. మొదట పోలమ్మకి నిద్ర కరువైంది, తర్వాత తిండి పోయింది. గౌరీసు పొట్లం కట్టి తెచ్చిన ఇడ్లీ ఆమె వాసన చూసి పక్కన పెట్టింది. ఒకరోజు అతను వెళ్ళేసరికి బస్సులు తిరిగే చోట నిలబడి ఉంది. పాలకొండ బస్సు ఆమె వీపుకి అడుగు దూరంలో ఆగి హారన్ కొడుతోంది. డ్రైవరు తిడుతున్నాడు. ఆమెకి అదేదీ వినబడటం లేదు. మైకుకేసి చెయ్యి చూపించి, "నాను సంపనేదు! నాను సంపనేదు!" అని అరుస్తోంది. గౌరీసు చెయ్యి పట్టుకుని లాగితే విదిలించి కొట్టింది.

"నువ్వూ ఆల మనిసివే. నవ్వు నవ్వంటా నన్ను పొటోలు తీసి ఆలకంపినావు" అంది.

ఆ మాట గౌరీసుకి ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. లేని చావుకి పట్టిన మైలను, అంత ఆరోగ్యంగా ఉన్న చిట్టిబాబు గారిని, ఆఫీసునీ మనసులో బండబూతులు తిట్టుకుంటూ ఆమెను ఎలాగో రేకుల కిందికి చేర్చాడు. మైల తీరేదాకా పొద్దునా సాయంత్రం వచ్చి ఆమె ఎక్కడుందో చూసుకుని వెళ్ళేవాడు. పగలు చూడమని సైకిల్ స్టాండు వాడికి చెప్పి పెట్టాడు.

పదకొండో రోజున సమావేశ మందిరంలో పెద్దకర్మ ఘనంగా జరిగింది. చిట్టిబాబు గారు ముఖ్య అతిథిగా వచ్చి, తన కర్మకి తానే నాలుగు గారెలు వేయించుకుని, "పులుసు ఇంకొంచెం పడితే బాగుండేది" అన్నారు.

మర్నాడు తలుపులు తియ్యకుండానే గౌరీసు పోలమ్మను వెంటబెట్టుకుని కౌంటరు ముందున్నాడు. భుజంగరావు మీటలు నొక్కి, నుదురు ముడిచాడు.

"ఈవిడకి తండ్రి, కీర్తిశేషులు. తల్లి, ముగ్గురు అన్నలు, ఇద్దరు తమ్ముళ్ళు. దూరపు చుట్టాలు బోలెడంతమంది. ఇంత పెద్ద కుటుంబం ఉన్నావిడ నిరాశ్రయురాలెలా అవుతుంది? కంప్యూటరు ఆ జాబితాలోంచి తీసేసింది. కుటుంబం ఉన్నవాళ్ళు ఇంటి అడ్రసున్న కార్డు తేవాలి."

"మా కుటుంబం అడ్రసు మున్సిపల్ ఆఫీసు."

"ఆఫీసు నివాసం కాదు" అన్నాడు భుజంగరావు.

గౌరీసు పరుగున త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. ఊళ్ళో ఇల్లులేని వాళ్ళందరికీ కుటుంబాలు ఏర్పడ్డాయి గనక కొత్తరేవులో నిరాశ్రయుల సంఖ్య సున్నా అయింది. రాష్ట్రంలో ఇదే మొదటి సున్నా. పైనుంచి అభినందన వచ్చింది.

"లక్ష్యం నెరవేరింది కాబట్టి పథకం ముగిసింది" అన్నారాయన. "ఈ మధ్యాహ్నం నుంచి మంజూరైన బంధుత్వాలన్నీ రద్దు. విధుల్లో ఉన్న ఏ ఉద్యోగీ ఇకమీదట లబ్ధిదారులతో చుట్టరికం కలిగి ఉండరాదు. కలిగి ఉంటే క్రమశిక్షణ చర్య."

"అయితే పోలమ్మ మళ్ళీ నిరాశ్రయురాలే కదా సార్? ఆ జాబితాలో చేర్చి మళ్ళీ నన్ను తమ్ముడిగా వెయ్యండి, మందులైనా వస్తాయి."

"సున్నా వచ్చాక మళ్ళీ ఒకటి ఎలా వేస్తామయ్యా? ఆమె మాజీ కుటుంబీకురాలు. ఆ వర్గానికి ఇంకా గడి రాలేదు."

గౌరీసు ఇంటికి వెళ్ళి, వంటింటి గడప మీద కూర్చుని, భార్య రత్నాలుతో అంతా చెప్పాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"నీకు అక్కంటే నాకు ఆడబిడ్డ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆడబిడ్డ పోరు తెచ్చి పెడుతున్నావన్నమాట" అంది. మరి కాసేపటికి లేచి, పెట్టెలోంచి రేషన్ కార్డు తీసుకొచ్చి అతని జేబులో పెట్టింది. "వరండాలో చాప వేస్తాను. వస్తే ఉంటుంది, లేదంటే లేదు. బిళ్ళలైతే తే" అంది.

మళ్ళీ కౌంటరు ముందు నిలబడ్డాడు గౌరీసు. "ఈవిడకి మీరేమవుతారు?" అన్నాడు భుజంగరావు.

"తమ్ముణ్ణి."

"ఆర్డరేదీ?"

"ఆర్డరు లేదు. ఊరికే తమ్ముణ్ణి. ఇదిగో అడ్రసు."

అడ్రసున్న తమ్ముణ్ణి కాదనే అధికారం భుజంగరావుకి లేదు. బిళ్ళలిచ్చాడు. ఇచ్చి, నకలు మున్సిపాలిటీకి పంపాడు.

నెలన్నరకి పోలమ్మ మనిషైంది. వానొస్తే గౌరీసు వరండాకి వచ్చేది, లేకపోతే తన రేకుల కిందే ఉండేది. ఆమె తేరుకుంటుండగానే గౌరీసుకి అభియోగపత్రం వచ్చింది: సంబంధిత అధికారి పూర్వానుమతి లేకుండా ఒక మహిళకు తమ్ముడైనందుకు ఎందుకు చర్య తీసుకోరాదో చెప్పవలసింది. విచారణాధికారి త్రివిక్రమరావు గారే. రాసుకోవడానికి మహాలక్ష్మి. సాక్షిగా పోలమ్మను పిలిపించి బల్ల చివర కూర్చోబెట్టారు. కుర్చీ అలవాటు లేక ఆమె అంచు మీద ఒదిగి కూర్చుంది.

"చూడమ్మా" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఇతను నీ తమ్ముడని చెబితే ఇతని ఉద్యోగానికి ఎసరు. ఏమీ కాడని చెబితే ఏ చర్యా ఉండదు. నీ మీద ఎటువంటి ఒత్తిడీ లేదు. ఇతను నీకేమవుతాడు?"

పోలమ్మ గౌరీసుని కింద నుంచి పైదాకా చూసింది, సంతలో బేరం కుదరని గొడ్డుని చూసినట్టు.

"నాకెవుడూ కాడు బావూ. ఈడెవుడో నాకెరిక నేదు. బిళ్ళలు ఎవులిచ్చినారో కూడా ఎరిక నేదు. నాకు సుట్టాలు నేరు" అంది. గొంతులో తొణుకు లేదు.

త్రివిక్రమరావు గారు బల్ల మీద తట్టారు. "ఎంత స్పష్టత! ఎంత వాస్తవిక దృష్టి! మహాలక్ష్మి గారూ, అభియోగం వీగిపోయిందని రాసుకోండి. అలాగే సాక్షికి పూర్తి స్వస్థత చేకూరింది గనక ఇక మందులు అక్కర్లేదని ఆస్పత్రికి ఒక కాపీ పంపండి. గౌరీసూ, నీకు ఈవిడతో ఏ సంబంధమూ లేదని ఇక్కడ సంతకం పెట్టి వెళ్ళు."

మందులు అక్కర్లేదన్న మాట విని పోలమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. అయినా మాట మార్చలేదు. గౌరీసు కలం తీశాడు. ఇద్దరు పిల్లల బడి ఫీజులు, ఇంటద్దె, రత్నాలు ముఖం కళ్ళ ముందు తిరిగాయి. పాలకొండ బస్సు కూడా తిరిగింది. అతనికి భయం వేసింది, నిజంగా భయం వేసింది.

"ఆవిడ చెప్పింది అబద్ధం సార్. మా అక్క" అన్నాడు.

"నీ పక్షాన చెప్పిన సాక్ష్యాన్ని నువ్వే కాదంటావా? ఏ ఉత్తర్వు ప్రకారం అక్క?"

"అది నాకు తెలీదు సార్. మా అక్క. రాసుకోండి."

అంతే, పోలమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "బుద్ది నేదురా గుంటడా నీకు! నేదన్నానా? అందరి ముందూ అడ్డంగా నేదన్నానా? నా బిళ్ళలు పోతే పోనాయి, నీ పిల్లలేటి తింటారు? ఆ ఆడకూతురేటి ఒండుతాది? నోర్మూసుకోని సంతకమెట్టు!" అంటూ, విచారణాధికారి చూస్తుండగానే, అతని నడినెత్తిన ఠంగుమని మొట్టికాయ వేసింది.

మహాలక్ష్మి కలం గబగబా నడుస్తోంది.

"ఏం రాస్తున్నారు?" అన్నారు త్రివిక్రమరావు గారు.

"అక్క తమ్ముణ్ణి మొట్టినదని, సార్."

"అక్క అని ఎలా రాస్తారు? అది ఇంకా రుజువు కాలేదు!"

"ఇంకేం కావాలి సార్?" అంది మహాలక్ష్మి, తలెత్తకుండా.

సాక్ష్యం చెల్లకపోవడంతో మందులు అక్కర్లేదన్న కాపీ ఆగిపోయింది; సాయంత్రానికి గౌరీసు సస్పెండయ్యాడు. ఆ ఉత్తర్వు పట్టుకుని పోలమ్మతో ఆస్పత్రికి వెళితే, భుజంగరావు దాన్ని రెండుసార్లు చదివాడు. విధుల్లో ఉన్న ఉద్యోగికి చుట్టరికం కూడదు. ఈయన విధుల్లో లేడు. విధుల్లో లేనివాడు ఎవరికైనా ఏమైనా కావచ్చు. త్రివిక్రమరావు గారి సున్నా చెక్కుచెదర్లేదు, మొత్తం పథకంలో ఒక్క చుట్టరికం మిగిలింది, దానికి ఖరీదు గౌరీసు ఉద్యోగం. భుజంగరావు నెలకి సరిపడా బిళ్ళలు లెక్కపెట్టి కవర్లో వేసి ఇచ్చాడు.

బయటికి వస్తుంటే మెట్లు పొడుగునా పోలమ్మ తిడుతూనే ఉంది. గౌరీసు కవరు రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని నడుస్తున్నాడు.

"రేపు పొద్దున్నే ఎల్లి ఆ పెద్దాయన కాళ్ళట్టుకో. ఉజ్జోగం ఇమ్మని అడుగు. నానూ వొస్తాను" అంది.

"నువ్వొచ్చి ఏం చెప్తావక్కా?"

"నువ్వు నాకేటీ కావనే సెప్తాను. ఈసారి నమ్మేటట్టు సెప్తాను సూడు. నీ మీదొట్టు" అంది పోలమ్మ.